అర్బుదం, అధ్యర్బుదం
మా పిన్నికి ముక్కులో ఒకవైపు పెరిగినదాన్ని ‘అర్బుదం’ అన్నారని విని, క్యాన్సరేనని ఇంటిల్లిపాదీ ఏడ్చాం. బయాప్సీలో ఇన్వర్టెడ్ పాపిలోమా అని తేలింది. అది క్యాన్సర్ కాదు, కొందరిలో మాత్రం అలా మారుతుంది. సంస్కృతంలో అర్బుదమంటే పది కోట్లు కూడా. సుశ్రుత సంహితలో అది గుండ్రంగా, కదలకుండా, లోతుగా వేరూని నెమ్మదిగా పెరిగే, చీము పట్టని కండ. ముక్కు రోగాల్లోనూ ఉంది. ఒకటి పుట్టినచోటే మరొకటి పుడితే అధ్యర్బుదం. అంత వెడల్పాటి మాటను మనం క్యాన్సర్‌కే కుదించాం, అధ్యర్బుదాన్ని వదిలేసి ‘పునరావృతం’ అంటున్నాం. పాపిలోమా ఎముకను అంటుకున్నచోట కాస్త మిగిలినా, ఏళ్ల తర్వాతైనా మళ్లీ రావచ్చు. స్కానింగ్‌కు వెళ్లినప్పుడల్లా పిన్ని అడిగేది జ్వరానికి వాడే మాటతోనే, ‘తిరుగు’కు ‘పెట్టు’ చేరిన మన ఇంటి మాటతో: “తిరగబెట్టలేదు కదా, నాయనా?”