తాళంచెవా, తాళంచెయ్యా?

మా అమ్మ తాళంచెవి అనదు, తాళంచెయ్యి అంటుంది. ఒకటికంటే ఎక్కువుంటే తాళంచేతులు. నేను గడప దాటబోతుంటే "తాళంచేతులు తీసుకున్నావా నాన్నా?" అని అడగడం ఆమె అలవాటు. బళ్లో మాకు నేర్పింది తాళంచెవి. అందుకని చిన్నప్పుడు ఆమె మాట తప్పనుకుని దిద్దేవాణ్ణి. సర్వర్లు చూసుకునే పనిలో పడి, రోజుకు పదిసార్లు 'కీ' అనే మాట పలికీ పలికీ, ఇన్నేళ్లకు అమ్మ మాటే సరైనదని నాకు గట్టిగా అనిపిస్తోంది.

తాళం సంస్కృతపు తాలకం నుంచి వచ్చింది, హిందీ తాలా దానికి తోబుట్టువు. వాడుకలో మనం దాన్ని రెండింటికీ వాడేస్తాం. "తాళం వెయ్యి" అంటే తలుపుకు వేసేది, "తాళాలు ఎక్కడ పెట్టావు?" అంటే జేబులో వేసుకునేవి. తేడా తెలియాలంటే ఒకదాన్ని తాళంకప్ప అనీ, రెండోదాన్ని తాళంచెవి అనీ అనాలి. చుట్టుపక్కల భాషల్లో ఈ రెండోదాని సంగతి చూస్తే ముచ్చటేస్తుంది. మలయాళానికి అది తాక్కోల్, అంటే కోల, కర్ర. తమిళంలో తిఱవుకోల్, తెరిచే కోల. హిందీ చాబీ, తమిళుల సావి పోర్చుగీసువాళ్లతో ఓడల మీద వచ్చాయి. కన్నడిగులు మాత్రం బీగద కై అంటారు. బీగం మనకూ తెలిసిన మాటే, కై అంటే చెయ్యి. అంటే అమ్మ తప్పు మాట్లాడలేదు. పొరుగింటి భాష కూడా తాళానికి చెయ్యినే పెట్టింది.

ఇక ఇంగ్లీషు కీ దగ్గరికి వద్దాం. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అచ్చు వేసిన వ్యాసం రహస్య లిపి శాస్త్రాన్ని మలుపు తిప్పింది. మరుసటి ఏడు రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ ఆ ఆలోచనకు పనికొచ్చే గణితం చేకూర్చారు. జంటగా పుట్టే రెండు సంఖ్యలు, ఒకటి ఊరందరికీ చూపించేది, రెండోది ఎవరికీ చూపించనిది. పేరు పెట్టేటప్పుడు రెండింటినీ కీ అనే అన్నారు. పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ. కొత్తగా పనిలో చేరిన పిల్లలు తికమకపడేది సరిగ్గా ఇక్కడే. రెండూ తాళంచెవులే అయితే సర్వర్‌లో పెట్టేది ఏది, దాచుకునేది ఏది?

చాలాకాలం నేను కప్ప, చెవి అని చెప్పి నెట్టుకొచ్చాను. పబ్లిక్ కీ అంటే తాళంకప్ప, ఎన్ని తలుపులకైనా తగిలించు. ప్రైవేట్ కీ అంటే తాళంచెవి, అది నీ దగ్గరే ఉండాలి. వినగానే తలకెక్కేది. కానీ ఒకరోజు ఒక అమ్మాయి అడిగింది: "మరి లాగిన్ అయ్యేటప్పుడు చెవి తలుపు దాకా వెళ్లాలి కదండీ, దారిలో ఎవరైనా చూస్తే?" ప్రశ్న న్యాయమైనది. నా పోలికకే అక్కడ చిల్లుపడింది.

దారిలో చూడటమన్నది, దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ పుట్టుకకే కారణం. అంతకుముందు టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా తీగల మీద పోయేది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డ్‌లు పట్టేశారు. ఆ తరువాత అక్కడి పరిశోధకుడు తాతు ఇలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. ఇప్పుడు దాదాపు ప్రతి లినక్స్ సర్వర్‌లో ఉండే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ల చేతిలో తయారైంది.

అందులో ప్రైవేట్ కీ ఎక్కడికీ వెళ్లదు. మన కంప్యూటరూ అవతలి సర్వరూ కలిసి ఆ పూటకు మాత్రమే చెల్లే ఒక గుర్తును తయారుచేసుకుంటాయి. మన కంప్యూటర్ ఆ గుర్తు మీద, లాగిన్ వివరాల మీద ప్రైవేట్ కీతో సంతకం చేసి పంపుతుంది. సర్వర్ తన దగ్గరున్న పబ్లిక్ కీతో ఆ సంతకం సరిచూసుకుని లోపలికి రానిస్తుంది. బ్యాంకులో నమూనా సంతకం కార్డు ఉంటుంది కదా, పబ్లిక్ కీ అచ్చంగా అదే. దాన్ని ఎవరు చూసినా నష్టం లేదు. నిన్నటి సంతకం ఎవరికైనా చిక్కినా రేపు పనికిరాదు.

సంతకం అంటే ఏమిటి? అచ్చ తెలుగులో చేవ్రాలు, చేతి రాత. తెలంగాణలో పెద్దవాళ్లు దస్కతు అంటారు. అది ఫారసీ దస్తఖత్, దస్త్ అంటే చెయ్యి. సంస్కృతం కోరుకున్నవాళ్లకు హస్తాక్షరం ఉండనే ఉంది. ఏ భాష తలుపు తట్టినా చెయ్యే పలుకుతోంది. కాబట్టి ప్రైవేట్ కీని తలుపులో దూర్చి తిప్పే ఇనుపముక్కగా ఊహించుకోకూడదు, అది రాసే చెయ్యి. తాళంచెయ్యి అనే మాట ఈ పరికరం కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

క్లౌడ్ కన్సోల్‌లో కీ పెయిర్ల, అంటే ఈ కీల జతల, పట్టిక తెరిస్తే ఇంకో చేతి మాట ఎదురవుతుంది. అమెజాన్ అద్దెకిచ్చే సర్వర్ల సేవ ఈసీ2లో చూడండి: పేరు, రకం, వేలిముద్ర (కీని గుర్తుపట్టేందుకు దాని నుంచి తీసిన పొట్టి గుర్తు). ప్రైవేట్ కీ మాత్రం ఉండదు. జతను పుట్టించినప్పుడు ఒక్కసారి ఫైలుగా దిగుతుంది, అంతే. పోగొట్టుకుంటే అమెజాన్ కూడా తిరిగి ఇవ్వలేదు, వాళ్లు దాచుకునేది పబ్లిక్ కీని మాత్రమే. ఆ వేలిముద్రను మన దగ్గరున్న ఫైలుతో పోల్చబోయి చాలామంది కంగారుపడతారు. వాళ్లు పుట్టించిన ఆర్‌ఎస్‌ఏ జతకైతే ప్రైవేట్ కీ నుంచి ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతిలో తీస్తారు, మనం పుట్టించి అప్పగించినదానికైతే పబ్లిక్ కీ నుంచి ఎండీ5లో తీస్తారు. ఒకే చేతికి రెండు నిశానీలన్నమాట. అవి కలవకపోతే జత మారిందని అనుకోనక్కర్లేదు, ఏ పద్ధతిలో తీశారో చూసుకుంటే చాలు.

కీ పెయిర్ల నిర్వహణ అంతా, నా లెక్కలో, చేతుల లెక్కే. మన ఇళ్లలో అత్తగారి బొడ్లోని తాళాల గుత్తి కోడలి బొడ్లోకి మారితే పెత్తనం మారినట్టు. గుత్తి ఒకటే, అది ఎక్కడుంటే అధికారం అక్కడ. ఆ అలవాటుతోనే ఇప్పటికీ ఒకే ప్రైవేట్ కీ ఫైలును పదిమందికి వాట్సాప్‌లో పంపేస్తుంటారు. సర్వర్ లాగ్‌లో పదిమందికీ ఒకే వేలిముద్ర పడుతుంది, ఏ పని ఎవరు చేశారో ఎవరూ చెప్పలేరు. గుత్తి ఇవ్వొచ్చు గానీ చెయ్యి ఎవరైనా అరువిస్తారా? ఎవరి జత వాళ్లే, తమ యంత్రంలోనే పుట్టించుకోవాలి.

నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక సర్వర్‌లోకి వెళ్లి ఆథరైజ్డ్ కీస్ ఫైలు తెరిచాను. లోపలికి రాదగిన చేతుల నమూనాలన్నీ ఉండేది అందులోనే, చేతికి ఒక వరుస. ముందు ఈడీ25519 అనే రకం పేరు, తరువాత 68 అక్షరాల గజిబిజి, చివర పుట్టించినవాళ్ల పేరు, వాళ్ల ల్యాప్‌టాప్ పేరు. తొమ్మిది వరుసల్లో నాలుగే అప్పటి ఉద్యోగులవి. మిగిలినవాటిలో ఒకటి, రెండేళ్ల కిందట మానేసిన స్నేహితుడిది. అతను వెళ్లిన రోజే కన్సోల్‌లో అతని కీ పెయిర్‌ను తొలగించారు, పని అయిపోయిందనుకున్నారు. కానీ కన్సోల్‌లో తొలగించినంత మాత్రాన నడుస్తున్న సర్వర్‌లోని వరుస చెరగదు. తలుపు అతని చేవ్రాలును ఆ రోజుకీ గుర్తుపడుతూనే ఉంది. అతను మంచివాడు గనక ఏమీ జరగలేదు. అతని ల్యాప్‌టాప్ ఏ రైల్లోనో పోయి ఉంటే?

మీ చేతి కింద సర్వర్ ఏదైనా ఉంటే ఈ వారం ఆ ఫైలు ఒకసారి తెరిచి చూడండి. వరుస వరుసకూ ఆగి, ఇది ఎవరి చెయ్యి అని అడగండి. జవాబు దొరకని వరుసను తీసేయండి. తీసేముందు మాత్రం మీ వరుస అందులో ఉందని చూసుకుని, ఇంకో టెర్మినల్‌లో లాగిన్ అయి ఉండండి.