పదికి ఆవలి ఎండ



ఎండను మనం ఎప్పుడూ ఒంటితోనే కొలుచుకున్నాం. చెమట కారితే ఎక్కువ, చల్లగాలి తగిలితే తక్కువ. కాని ఎండలో కంటికి కనబడనిది, వేడిగా తోచనిది ఒక భాగముంది. 1801లో జర్మనీలోని యేనా పట్టణంలో రిట్టర్ అనే యువకుడు సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, సిల్వర్ క్లోరైడు పూసిన కాగితం మీద పడేట్టు చేశాడు. ఊదారంగుకు ఆవల, వెలుతురే కనిపించని చోట, కాగితం మరింత త్వరగా నల్లబడింది. అవే అతినీలలోహిత కిరణాలు.

వీటిలో ఎక్కువ హాని చేసేవాటిని ఓజోను పొర చాలావరకు వడగడుతుంది. ఆ ఓజోను ఎక్కడెంత ఉందో కొలవాలని ఆక్స్‌ఫర్డులో డాబ్సన్ పూనుకున్నాడు. ఆయన సాధనాల్లో ఒకటి 1928 ప్రాంతంలో కొడైకెనాల్ కొండకు వచ్చింది. అక్కడ 1899లో నెలకొల్పిన సూర్య పరిశీలనాలయం ఉంది. కొండ దిగితే దిండిగల్లు, మదురై ప్రాంతాలు, నాయకరాజుల కాలం నుంచీ తెలుగు మాట్లాడే ఇళ్లున్న పల్లెలు. ఆ కొలతల్లో తేలిందేమిటంటే, భూమధ్యరేఖ వైపు ఓజోను తక్కువ, ఏడాది పొడుగునా దానిలో మార్పూ తక్కువే. అంటే మన గొడుగు మొదటినుంచీ పలచన. అంటార్కిటికా మీద ఓజోను తరిగిపోతున్నదని 1985లో బయటపడి లోకం కలవరపడిందే, ఆ సంగతి వేరు.

ఆ కలవరంలోంచే రోజువారీ సూచిక పుట్టింది. 1992లో కెనడా పర్యావరణ శాఖ శాస్త్రజ్ఞులు కెర్, మెకెల్రాయ్, వార్డిల్ దీన్ని రూపొందించారు. చర్మాన్ని కందించే కిరణాల బలాన్ని ఒక్క అంకెగా చెప్పడం వీరి ఉద్దేశం. విశేషమేమంటే, 10 అనే అంకెను వాళ్లు ఉష్ణమండలపు వేసవి మధ్యాహ్నానికి కేటాయించారు. ఉష్ణమండలపు ఎండ వాళ్ల కొలబద్దకు కొస అయింది. ఆ కొస దగ్గరే మన కాపురం! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 మార్గదర్శిని 3 నుంచి జాగ్రత్త పడమంటుంది. 11, ఆపైన తీవ్రాతితీవ్రం. దక్షిణాదిన మబ్బులేని వేసవి మధ్యాహ్నం 11 దాటడం సామాన్యమే.

ఈ అంకెకూ ఉష్ణోగ్రతకూ ముడి పెట్టకూడదు. వెయ్యి మీటర్ల ఎత్తుకు ఈ కిరణాల బలం సుమారు పదోవంతు పెరుగుతుంది. కాబట్టి చల్లగా ఉందని హోసూరు రైతు తలగుడ్డ తీసేస్తే లాభం లేదు. పలచని మబ్బు కూడా పెద్దగా అడ్డుపడదు. మన చర్మపు నలుపు కొంత కాస్తుంది, నిజమే. కాని కంటి కటకానికి ఆ రక్ష లేదు. శుక్లాలకు ఈ కిరణాలు ఒక్కటే కారణం కాకపోయినా, కారణాల్లో ఒకటి. గొర్రెలు కాసేవారికీ ఉప్పుమళ్లలో పనిచేసేవారికీ అంచున్న టోపీయో గొడుగో కావలసింది అందుకే.

సూచిక తెలియకపోతే నీడను చూసుకోవచ్చు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నంతసేపూ కిరణాలు బలంగా ఉన్నట్టే. యానాంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు పన్నెండింటికి. రాయచూరులో ఇంచుమించు పన్నెండూ ఇరవైకి. గడియారం రెండుచోట్లా ఒకటే అయినా నీడ పొట్టిపడే వేళ ఒకటి కాదు.