మొహ్రాలు: కులూ లోయ దేవతల ఉత్సవ ముఖాలు

హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయలోనూ, ఆ చుట్టుపక్కల కొండసీమల్లోనూ గ్రామదేవతల ప్రతిరూపాలుగా కొలిచే లోహపు ముఖాలను మొహ్రాలంటారు. వేషగాళ్లు పెట్టుకునే ముసుగులు కావివి. వీటిని ఎవరూ ధరించరు. మెడవరకో రొమ్ము వరకో మలిచిన ముఖం, వెనకవైపు బోలు. ఇత్తడి, కంచు, వెండి, అష్టధాతువులతో పోతపోసినవీ ఉన్నాయి, రేకును వెనకనుంచి కొట్టి ఉబ్బెత్తుగా తీర్చినవీ ఉన్నాయి. భుజాలమీద మోసే చెక్క పల్లకీకి పట్టుబట్టల మధ్య, పూలదండల మధ్య వీటిని వరసలుగా బిగిస్తారు. ఆ పల్లకీనే అక్కడివారు రథమంటారు. ఒక్క దేవతకే చాలా ముఖాలుండటం మామూలు. మన గుళ్లలో మూలవిరాట్టు కదలదు, ఉత్సవమూర్తి ఊరేగుతుంది. అక్కడ ఆ ఊరేగే పని మొహ్రాలది.

పాత మొహ్రాల్లో ముఖం నిండుగా, ప్రశాంతంగా ఉంటుంది. కాలం గడిచేకొద్దీ ముఖం పలచబడి, కళ్లు పెద్దవై, చూపు తీక్షణమైంది. అయితే చరిత్రకారుడికి శిల్పశైలికన్నా గట్టి ఆధారం వాటిమీది రాతలే. ముఖాన్ని చేయించి సమర్పించిన రాజులు కొన్నిటిమీద పేరు, సంవత్సరం చెక్కించారు. మనాలీలోని హిడింబాదేవి మొహ్రామీద రాజా ఉధ్రణ్ పాల్ శాసనం 1418 నాటిది. ఆమె కొయ్య గుడిని బహాదూర్ సింగ్ కట్టించింది 1553లో. అంటే ఇప్పుడున్న గుడికన్నా దేవత ముఖమే 135 ఏళ్లు పెద్దది. కొండరాజుల వంశక్రమానికి ఇలాంటి రాతలు ఎంతో విలువైన సాక్ష్యం.

ఈ మొహ్రాలు ఊరేగే పెద్ద సందర్భం కులూ దసరా. 17వ శతాబ్దంలో కులూ రాజా జగత్ సింగ్ అయోధ్య నుంచి రఘునాథుడి విగ్రహాన్ని తెప్పించి, రాజ్యాన్ని ఆయనకే అప్పగించి, తాను సేవకుడిగా పాలించాడని అక్కడి ఐతిహ్యం. కులూ దసరా అప్పటినుంచే మొదలైందంటారు. మిగతా దేశంలో దసరా ముగిసే విజయదశమినాడు ఆరంభమై, అది ఏడు రోజులు సాగుతుంది. హిడింబ రాకపోతే ఉత్సవం కదలదు. లోయ నలుమూలల నుంచి దేవతలు ఢాల్‌పూర్ మైదానానికి చేరి రఘునాథుడికి మొక్కుతారు. పల్లకీ ఒరగడం, ఊగడం దేవత ఇష్టానికి గుర్తు. దేవత పూనే గూర్ ఆ దేవత మాట పలుకుతాడు.

తిరిగి వెళ్లాక మొహ్రాలను విప్పి, దేవత సొమ్ములుండే భండార్‌లో భద్రం చేస్తారు. ఆ లెక్కాపత్రాలు చూసేది కార్దార్. శతాబ్దాల నాటి ముఖాలు ఇంకా పూజలందుకుంటున్నాయంటే, ఆ ఘనత ముందుగా ఈ పల్లెల కాపలాదే.