ఉచితమైన దారి, ఇంకొకరు చెల్లించిన వెల: మొబైల్ నావిగేషన్ సాఫ్ట్‌వేర్ ధర, నాణ్యతల చరిత్ర (1985–2024)

ప్రస్తావన

2009 అక్టోబరు 28న గూగుల్ సంస్థ ఒక ప్రకటన వెలువరించింది. ఆండ్రాయిడ్ 2.0తో వచ్చే ఫోన్లలో, ప్రతి మలుపు వద్దా గొంతుతో దారి చెప్పే నావిగేషన్ సాఫ్ట్‌వేర్‌ను ఎటువంటి రుసుమూ లేకుండా అందిస్తామన్నది దాని సారాంశం. అంతకు రెండు నెలల ముందే డచ్ సంస్థ టామ్‌టామ్ ఐఫోన్ కోసం ఇదే తరహా యాప్‌ను విడుదల చేసి, అమెరికా, కెనడాల పటాలతో కలిపి దానికి 99.99 డాలర్ల ధర నిర్ణయించింది. అమెరికాలో వెరైజన్ వంటి టెలిఫోన్ సంస్థలు ఈ సేవకు నెలకు దాదాపు పది డాలర్లు వసూలు చేస్తున్న కాలమది. ప్రకటన వెలువడిన రోజునే గార్మిన్, టామ్‌టామ్ సంస్థల షేర్లు బాగా పతనమయ్యాయి.

ఈ ఘట్టాన్ని వినియోగదారుని విజయంగా వర్ణించడం పరిపాటి. అందులో సత్యం లేకపోలేదు. అయితే ధర సున్నా అయినంత మాత్రాన ఖర్చు సున్నా కాదు. రోడ్డు మారినప్పుడల్లా పటం మారాలి. ఆ మార్పును గమనించడానికి మనిషో, వాహనమో, యంత్రమో పనిచేయాలి. ఆ పనికి ఎవరో ఒకరు వెల చెల్లించాలి. నావిగేషన్ సాఫ్ట్‌వేర్ నాణ్యతను నిర్ణయించినది కొనుగోలుదారుడు చెల్లించిన ధర కాదనీ, పటాన్ని నిత్యం సరిదిద్దే ఖర్చును ఎవరు, ఏ ప్రయోజనం ఆశించి, ఏ ప్రాంతాల వరకు భరించారన్నదే దానిని నిర్ణయించిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సంకేతం వెల, పటం వెల

కారులో దారి చూపే పరికరం జీపీఎస్ కంటే ముందే మార్కెట్లోకి వచ్చింది. కాలిఫోర్నియాకు చెందిన ఈటాక్ సంస్థ 1985లో విడుదల చేసిన నావిగేటర్ ధర సుమారు 1,400 డాలర్లు. ఉపగ్రహంతో దానికి సంబంధం లేదు. దిక్సూచి, చక్రాల భ్రమణాన్ని కొలిచే సెన్సర్ల సాయంతో అది కారు స్థానాన్ని అంచనా వేసి, ఆ అంచనాను పటంలోని వీధులతో సరిపోల్చుకునేది. పటాలు క్యాసెట్ టేపులలో వచ్చేవి. వాటిని విడిగా కొనుక్కోవాలి. అది జేబులో ఇమిడే పరికరం కాకపోయినా, మొబైల్ నావిగేషన్ చరిత్రను దానితోనే మొదలుపెట్టడానికి కారణముంది. పరికరం ఒకసారి కొనేది, పటం పదే పదే కొనవలసినది అన్న ఆర్థిక సూత్రం అక్కడే స్థిరపడింది. పరికరం అరిగి పాతబడుతుంది; పటం మాత్రం డబ్బాలో భద్రంగా ఉన్నా పాతబడుతుంది.

తరువాతి దశలో స్థాన నిర్ణయానికి అయ్యే ఖర్చును రాజ్యం భరించింది. 1983లో దారితప్పి సోవియట్ గగనతలంలోకి ప్రవేశించిన కొరియా ప్రయాణిక విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చివేసిన దుర్ఘటన అనంతరం, జీపీఎస్‌ను పౌర అవసరాలకు ఉచితంగా అందుబాటులో ఉంచుతామని అమెరికా ప్రకటించింది. అయినా పౌరులకు అందే సంకేతాన్ని ఉద్దేశపూర్వకంగా మసకబార్చే పద్ధతి కొనసాగింది. 2000 మే 1 అర్ధరాత్రితో దానిని నిలిపివేయడంతో, సుమారు వంద మీటర్ల మేరకు ఉండే లోపం ఇరవై మీటర్లకు లోపుగా తగ్గింది. వంద మీటర్ల లోపంతో నగరంలో ఏ వీధిలో ఉన్నామో చెప్పడం అసాధ్యం. నావిగేషన్ వ్యాపారమంతా ఆ ఒక్క రాత్రి నిర్ణయం మీద నిలబడిందనడం అతిశయోక్తి కాదు.

సంకేతం ఈ విధంగా అందరి సొత్తయింది. పటం మాత్రం ప్రైవేటు ఆస్తిగానే మిగిలింది. ఏ వీధి ఏకముఖమో, ఏ కూడలిలో కుడివైపు మళ్లరాదో, ఏ వంతెన కింద లారీ పట్టదో ఉపగ్రహం చెప్పలేదు. ఆ వివరాలను వాహనాలలో తిరుగుతూ నమోదు చేసే పని ప్రపంచవ్యాప్తంగా ప్రధానంగా రెండు సంస్థల చేతుల్లో, నావ్‌టెక్, టెలీ అట్లాస్‌ల వద్ద, కేంద్రీకృతమైంది. ఈటాక్ పటాలు సైతం 2000లో టెలీ అట్లాస్‌కే చేరాయి. 2007–08లో టెలీ అట్లాస్‌ను టామ్‌టామ్ సుమారు 290 కోట్ల యూరోలకు, నావ్‌టెక్‌ను నోకియా 810 కోట్ల డాలర్లకు కొనుగోలు చేశాయి. ఆనాటి యాప్‌ల ధరలు ఎక్కువగా ఉండటానికి ప్రధాన కారణం సాఫ్ట్‌వేర్ రాయడంలోని కష్టం కాదు. ప్రతి వినియోగదారుని లెక్కన పటం యజమానికి చెల్లించవలసిన లైసెన్సు రుసుము.

2009: అద్దె పటం నుంచి సొంత పటానికి

గూగుల్ ఉచిత నావిగేషన్‌ను ప్రకటించిన ఆ అక్టోబరు నెలలోనే అమెరికా పటాల కోసం టెలీ అట్లాస్ మీద ఆధారపడటం మానివేసి, సొంతంగా కూర్చుకున్న పటానికి మారింది. ఈ రెండు సంఘటనలను విడివిడిగా చూడటం పొరపాటు. అద్దె పటంతో ప్రతి కొత్త వినియోగదారుడూ ఒక కొత్త ఖర్చు. సొంత పటంతో అదే వ్యక్తి ఒక కొత్త లాభం. సొంత పటానికి ముడిసరుకు రెండు చోట్ల నుంచి లభించింది. మొదటిది 2007లో ఆరంభమైన స్ట్రీట్ వ్యూ వాహనాల చిత్రాలు. రెండవది ప్రభుత్వ సంస్థలు ప్రజాధనంతో తయారుచేసి బహిరంగంగా ఉంచిన పటసమాచారం. అమెరికా జనగణన శాఖ 1990 జనాభా లెక్కల కోసం రూపొందించిన టైగర్ అనే వీధుల సమాచారనిధి అటువంటి వనరులలో ప్రసిద్ధమైనది. స్వచ్ఛంద కార్యకర్తలు నిర్మించుకున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా అమెరికా రోడ్లను మొదట దానినుంచే తీసుకుంది.

నోకియా 2010 జనవరిలో తన ఓవీ మ్యాప్స్‌ను ఉచితం చేసింది. అయితే దానికి ప్రకటనల ఆదాయపు అండ లేదు. ఫోన్ల అమ్మకమే ఆధారం. ఆ అమ్మకాలు కుంగిపోయాక, 810 కోట్ల డాలర్లకు కొన్న నావ్‌టెక్‌కు వారసురాలైన హియర్ విభాగాన్ని 2015లో ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కూటమికి 280 కోట్ల యూరోలకు అమ్ముకోవలసి వచ్చింది. పటం విలువ తగ్గలేదు, పటానికి డబ్బు చెల్లించే వర్గం మారింది.

నాణ్యతకు కొలమానాలు

ధరలు చెప్పినంత సులువుగా నాణ్యతను చెప్పలేము. 2009 నాటి ఖరీదైన యాప్‌లు పటం మొత్తాన్ని ఫోన్‌లోనే నిల్వ చేసేవి. సిగ్నల్ లేని కొండదారిలోనూ, డేటాకు భారీ రోమింగ్ రుసుము పడే పరదేశంలోనూ అవి ఆగకుండా పనిచేసేవి. ఉచిత సేవ పటాన్ని ఎప్పటికప్పుడు నెట్‌వర్క్ నుంచి తెచ్చుకునేది. ఫోన్‌లో దించుకున్న పటంతో పూర్తిస్థాయి మార్గసూచన గూగుల్ మ్యాప్స్‌లో 2015 చివరికి గాని రాలేదు. అంటే ఆరేళ్లపాటు, నెట్‌వర్క్ బలహీనంగా ఉన్న ప్రాంతాల ప్రయాణికునికి ఉచిత సేవ నాసిరకం సేవే. నగరవాసికి అది కనిపించని లోపం. సమీక్షలు రాసేది ఎక్కువగా నగరవాసులే కనుక ఆ లోపం చరిత్రలోనూ పెద్దగా నమోదు కాలేదు.

మరొక కొలమానంతో చూస్తే ఉచిత సేవ ఎంతో మెరుగు. వినియోగదారుల ఫోన్ల కదలికల నుంచే రోడ్ల రద్దీని లెక్కగట్టడం దీని ప్రత్యేకత. ఇక్కడ ప్రయాణికుడు ఏకకాలంలో వినియోగదారుడూ, సర్వేయరూ. 2013లో గూగుల్ దాదాపు వంద కోట్ల డాలర్లకు కొన్న వేజ్ సంస్థ ప్రధాన ఆస్తి, రోడ్డు మీది సంగతులను నిత్యం నివేదించే వాహనదారుల సమూహమే. వెల రూపాయలలో కాక కదలికల సమాచారంగా చెల్లుతున్నది. ఎక్కువమంది చెల్లించే చోట పటం తాజాగా ఉంటుంది. రోజుకు నాలుగు వాహనాలు తిరిగే దారిలో అది పాతబడిపోతుంది.

వ్యయం ఒక్కటే నాణ్యతను ఇవ్వదనడానికి 2012 నాటి ఆపిల్ మ్యాప్స్ నిదర్శనం. టామ్‌టామ్ సహా పలు వనరుల సమాచారాన్ని డబ్బిచ్చి తీసుకుని విడుదల చేసిన ఆ యాప్‌లో దోషాలు వెల్లువెత్తడంతో, సంస్థ అధిపతి టిమ్ కుక్ సెప్టెంబరు 28న బహిరంగంగా క్షమాపణ చెప్పి, అది బాగుపడేవరకు పోటీ సంస్థల యాప్‌లు వాడుకొమ్మని సూచించవలసి వచ్చింది. డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా పోలీసులు మరింత తీవ్రమైన హెచ్చరిక చేశారు. మిల్డ్యూరా పట్టణానికి బయలుదేరినవారిని ఆ యాప్ పట్టణానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని మర్రీ-సన్‌సెట్ జాతీయ ఉద్యానం మధ్యకు తీసుకుపోయింది. ఉష్ణోగ్రత 46 డిగ్రీలకు చేరగల ఆ ప్రదేశంలో నీటి వసతి లేదు. కొందరు ఇరవైనాలుగు గంటల వరకు తిండీ నీళ్లూ లేక చిక్కుకుపోయారు. అధికారిక గెజిటీర్‌లో మిల్డ్యూరా పేరుతో పట్టణానికి ఒకటి, విశాలమైన పరిపాలనా ప్రాంతానికి ఒకటి నమోదులున్నాయని తరువాత తేలింది. రెండు నమోదులూ వేటికవి సరైనవే. వాటిలో ప్రయాణికుడు కోరేది ఏదో గుర్తించగల స్థానిక జ్ఞానమే ఆ పటంలో లోపించింది.

భారతదేశం: చిరునామా లేని దారులు

1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా సంప్రదాయంలో పటం ముందుగా రక్షణ సామగ్రి, తరువాతే ప్రజోపయోగ వస్తువు. 2005 జాతీయ పటవిధానం రక్షణ అవసరాల పటాలనూ, పౌరులకు అందుబాటులో ఉండే పటాలనూ వేర్వేరు శ్రేణులుగా విభజించింది. హైదరాబాదులోని ఉప్పల్‌లో సర్వే శాస్త్రంలో తరతరాల అధికారులకు శిక్షణనిచ్చిన సంస్థ ఉన్నప్పటికీ, ఆ నైపుణ్యానికీ సామాన్యుని చేతిలోని ఫోన్‌కూ మధ్య వంతెన పడలేదు. ఉపగ్రహాల విషయంలోనూ ఇదే స్థితి. స్వదేశీ నావిక్ వ్యవస్థలో ఏడవ ఉపగ్రహం 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుంచి నింగికెగసినా, దాని సంకేతాన్ని అందుకునే ఫోన్ చిప్‌లు 2020లో గాని ప్రకటితం కాలేదు.

విదేశీ సాఫ్ట్‌వేర్‌కు ఇక్కడ ఎదురైన చిక్కు వేరు. వీధి పేరు, ఇంటి నంబరు చెబితే దారి దొరికే దేశం కాదిది. పెట్రోలు బంకు దాటాక, ఆంజనేయస్వామి గుడి పక్క సందు అని చెప్పుకునే సమాజం. దీన్ని గ్రహించి గూగుల్ 2009 డిసెంబరులో భారతదేశపు మార్గసూచనలలో కొండగుర్తులను చేర్చింది. ఆ కొండగుర్తులూ, సందుల పేర్లూ ఎక్కడినుంచి వచ్చాయన్నది ముఖ్యమైన ప్రశ్న. 2008లో ప్రారంభమైన మ్యాప్ మేకర్ ద్వారా వేలాదిమంది స్వచ్ఛందంగా తమ ఊళ్లను గీసి ఇచ్చారు. ప్రజలు ప్రతిఫలం లేకుండా ఇచ్చిన ఆ శ్రమ ఒక సంస్థ ఆస్తిలో చేరింది. 2013లో నిర్వహించిన మ్యాపథాన్ పోటీపై సర్వే ఆఫ్ ఇండియా అభ్యంతరం తెలిపి ఫిర్యాదు చేసింది. అభ్యంతరానికి ఆధారం జాతీయ భద్రతే. శ్రమఫలం ఎవరిదన్న ప్రశ్న అప్పుడు వెనుకబడింది. 2016లో వచ్చిన ముసాయిదా బిల్లు అనుమతి లేని పటసమాచారానికి వంద కోట్ల రూపాయల వరకు జరిమానా ప్రతిపాదించి, విమర్శల మధ్య చట్టం కాకుండానే మరుగున పడింది. 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాలు సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచాయి. భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతుల అవసరం తొలగింది. అత్యంత సూక్ష్మమైన పటసేకరణ వారికే పరిమితమైంది. ఆ కారణంగానే 2022 జూలైలో స్ట్రీట్ వ్యూ జెనెసిస్, టెక్ మహీంద్రా సంస్థలు సేకరించిన చిత్రాలతో పది నగరాలలో మొదలైంది. ఆ పదింటిలో తెలుగు ప్రాంతం నుంచి ఉన్నది హైదరాబాదు ఒక్కటే.

ప్రయాణికునికి ఉచితమైన పటం వ్యాపారికి ఉచితం కాదు. 2018లో గూగుల్ తన పటసేవను వాడుకునే వెబ్‌సైట్లు, యాప్‌ల రుసుమును సవరించినప్పుడు, నెలవారీ ఉచిత పరిమితి దాటాక వెయ్యి పటాలకు అర డాలరుగా ఉన్న ధర ఏడు డాలర్లయింది. 2024 జూలైలో ఓలా సొంత పటసేవను రంగంలోకి దించగానే, భారతదేశంలో ఆ రుసుములు ఆగస్టు 1 నుంచి 70 శాతం వరకు తగ్గాయి. పటం ఆ నెల రోజుల్లో మారలేదు. మారింది పోటీ మాత్రమే.

ఊరి పేరు, ఊరి లిపి

2021 జనవరిలో గూగుల్ మ్యాప్స్ తెలుగు సహా పది భారతీయ భాషలలో స్థలనామాలను యాంత్రిక లిప్యంతరీకరణతో చూపడం ప్రారంభించింది. ఆంగ్లం చదవలేని ప్రయాణికునికి ఇది నిస్సందేహంగా మేలు. కాని ఆంగ్ల వర్ణక్రమంలో ల–ళ, న–ణ, త–ట, ద–డ భేదాలు లేవు. హ్రస్వదీర్ఘాలు నిలకడగా తెలియవు. తెలుగు ఊరి పేరు ఆంగ్లంలోకి పోయి, యంత్రం అంచనాతో తిరిగి తెలుగులోకి వచ్చేటప్పుడు 'కోట' 'కొట' కావచ్చు, 'పాళెం' 'పాలెం' కావచ్చు. స్థలనామాలపై పరిశోధన చేసేవారికి ఆ ఒక్క అక్షరంలోనే ఊరి చరిత్ర ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరును నేరుగా నమోదు చేసే వీలుంది. నమోదు చేసే మనుషులున్న మేరకే అది నిండుతుంది. సరైన పేరు గ్రామ రికార్డులలో ఉంది, ఊరివారి నోట ఉంది. అక్కడినుంచి పటంలోకి చేర్చే ఖర్చును భరించే ఆర్థిక ప్రయోజనం ఏ ప్రైవేటు సంస్థకూ లేదు.

పేరులో ఒక అక్షరం తప్పితే ప్రయాణికుడు ఊరు చేరుకోగలడు. వంతెన విషయం అలా కాదు. 2024 నవంబరు 24న ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ సమీపాన, రామ్‌గంగా నదిపై వరదకు ఒక భాగం కొట్టుకుపోయి అసంపూర్తిగా మిగిలిన వంతెన మీదనుంచి కారు కిందపడి ముగ్గురు మరణించారు. వారు నావిగేషన్ యాప్ చూపిన దారిలో వెళ్లారన్నది పత్రికలలో ప్రముఖంగా వచ్చింది. వంతెన ముందు అడ్డుగోడ లేదన్న సంగతీ వచ్చింది. పోలీసులు నమోదు చేసిన కేసులో ప్రజాపనుల శాఖ ఇంజనీర్లతో పాటు, పేరు లేకుండా, గూగుల్ మ్యాప్స్ అధికారి ఒకరు కూడా ఉన్నారు.