అంకె వేసిన వాచీ

శుక్రవారం భోజనాలకు నాలుగు కుటుంబాలు ఒకచోట చేరినప్పుడు ఊళ్ళో స్థలాల ధరలు, పిల్లల చదువులు మాటల్లోకి రావడం మామూలే. ఈ మధ్య వాటికి వాచీల ముచ్చట కూడా తోడయింది. "లోకం మొత్తానికి వెయ్యే చేశారట, నాది ఫలానా నంబరు" అని ఒకరు చెయ్యి చాపితే తక్కినవారు వంగి చూస్తారు. వాచీ మీద చెక్కిన ఆ అంకెకు ఇంత విలువ ఎలా వచ్చింది? ఆ చరిత్ర తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మనం ఉంటున్న చోటు సంగతి. మదీనత్ అల్ షమాల్ అంటే ఉత్తరపు పట్టణమని అర్థం. దోహాకు ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన, అల్ రువైస్ రేవు పక్కన, 1970లలో పాలనా కేంద్రంగా వెలసిన ఊరిది. ఊరు కొత్తదే గాని ఈ తీరం పాతది. ఇక్కడికి నైరుతి దిక్కున ఉన్న అల్ జుబారా 18వ శతాబ్దంలో ముత్యాల వ్యాపారంతో వర్ధిల్లిన రేవు పట్టణం. 1811లో దాడికి గురై ధ్వంసమయింది. తరువాత కొంత కోలుకున్నా పూర్వపు వైభవం తిరిగి రాలేదు. ఆ శిథిలాలను 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మనం పిల్లలను తీసుకువెళ్ళి చూపించే కోట మాత్రం 1938లో కట్టినది.

అరుదైన వస్తువంటే ఏమిటో ఈ తీరానికి బాగా తెలుసు. ఎన్ని ఆల్చిప్పలు తెరిస్తే ఒక మంచి ముత్యం దొరుకుతుందో ఏ వర్తకుడూ ముందుగా చెప్పలేడు. ఆ లెక్క సముద్రానిది. వేసవి నెలలంతా ముక్కుకు బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని మునిగేవారు గజ ఈతగాళ్ళు. వారిలో చాలామంది పడవ యజమానుల దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, ఆ అప్పు తీరక ఏటికేడాది మునుగుతూనే ఉండేవారు. ఇంతలో జపానులో మికిమోటో 1893లో ఆల్చిప్పలో ముత్యాన్ని పెంచడం సాధించాడు. 1920లు, 30ల నాటికి పెంపుడు ముత్యాలు బజారును ముంచెత్తాయి. దానికి 1929 నాటి ఆర్థిక మాంద్యం తోడయింది. గల్ఫ్ ముత్యాల వ్యాపారం కూలిపోయింది. 1949లో చమురు ఎగుమతి మొదలయ్యేదాకా ఖతార్ ప్రజలు పడిన కష్టాలు ఇంతింత కాదు.

ముత్యానికి జరిగినదే సుమారు 40 ఏళ్ళ తరువాత వాచీకీ జరిగింది. ఈసారి కూడా దెబ్బ జపాను నుండే వచ్చింది. 1969 డిసెంబరు 25న సీకో సంస్థ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. స్ప్రింగు బదులు బ్యాటరీ, ఊగే చక్రం బదులు విద్యుత్తుతో కంపించే స్ఫటికం. మొదటి వాచీ ధర 4,50,000 యెన్లు. ఆ రోజుల్లో ఒక చిన్న కారు ఖరీదు. అయితే పదేళ్ళు తిరిగేసరికి క్వార్ట్జ్ వాచీలు చవకగా దొరకసాగాయి. స్విట్జర్లాండు వాచీ పరిశ్రమలో 1970లో సుమారు 90 వేలమంది పనిచేసేవారు. 1980ల మధ్యకు 30 వేల పైచిలుకు మాత్రమే మిగిలారు.

ముత్యాల ఈతగాళ్ళకు దొరకని దారి స్విస్ వారికి దొరికింది. ఒకవైపు 1983లో స్వాచ్ అనే చవక ప్లాస్టిక్ వాచీ తెచ్చారు. మరొకవైపు, టైము చూసుకోవడానికి అక్కరలేని పాత యంత్రాన్నే కళావస్తువుగా, హోదాగా అమ్మడం నేర్చుకున్నారు. 1989లో పటేక్ ఫిలిప్ సంస్థ తన 150వ వార్షికోత్సవానికి కాలిబర్ 89 అనే జేబు గడియారం చేసింది. అందులో 1,728 భాగాలు; చేసినవి నాలుగే. అంతటి పనితనానికి సంఖ్య తక్కువగా ఉండడం సహజమే. కాని ఆ తరువాత ఆ పద్ధతి మామూలు తయారీకి కూడా పాకింది. యంత్రం ఒకటే, డయల్ రంగు మార్చి, అంకె చెక్కి, 'లిమిటెడ్ ఎడిషన్' అంటారు. ఇక్కడ లెక్క సముద్రానిది కాదు, అమ్మేవాడిది. ఈ ఏడు ఎర్ర డయల్ వెయ్యి అన్నవాడు వచ్చే ఏడు నీలం డయల్ మరో వెయ్యి చేస్తే అడిగేవారెవరు?

2022లో ఖతార్‌లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ జరిగినప్పుడు హుబ్లో సంస్థ వెయ్యి వాచీల ప్రత్యేక సంచిక తెచ్చింది. అది స్మార్ట్ వాచీ. జ్ఞాపకంగా దాచుకోవడానికి మంచిదే. కాని లోపలి ఎలక్ట్రానిక్ సరంజామా పాతబడిన రోజున ఆ వాచీ ఏం చేస్తుందో కొనేవారు ఆలోచించుకోవాలి. దీనికి భిన్నంగా, ఒమాన్ సుల్తాన్ ఖబూస్ తమ రాజచిహ్నమైన ఖంజర్ బొమ్మ వేయించి కానుకలుగా ఇచ్చిన రోలెక్స్ వాచీలున్నాయి. అవి అమ్మకానికి చేసినవి కావు. ఎవరికి, ఎందుకు ఇచ్చారన్న కథ వాటితోపాటే వస్తుంది. వేలంపాటల్లో వాటికి గిరాకీ అందుకే.

ఇక మనవారి సంగతికి వద్దాం. 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. సంస్థ జపాన్ సిటిజన్ సహకారంతో వాచీలు చేయడం మొదలుపెట్టింది. కీ ఇచ్చే జనతా, నల్ల డయల్ పైలట్, పలచని సోనా తెలియని ఇల్లు మన వైపు అరుదు. అలకపాన్పు మీద అల్లుడు అడిగినదీ, ఉద్యోగంలో చేరిన కొడుకు మొదటి జీతంతో కొనుక్కున్నదీ అదే. కోట్ల కొద్దీ తయారయిన ఆ వాచీని అపురూపమని ఎవరూ అనుకోలేదు. 2014లో మూసివేత వార్త వచ్చేసరికి జనం దుకాణాలకు పరుగెత్తారు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదముద్ర వేసింది. అంతవరకు సొరుగులో పడి ఉన్న వాచీలు సేకర్తల వస్తువులయ్యాయి.

మన హైదరాబాదుకూ ఒక వాచీ ఉండేది. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కంపెనీ కలిసి స్థాపించిన ఆల్విన్ సంస్థ బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లు చేసి పేరు తెచ్చుకుంది. 1980లలో సీకో సహకారంతో వాచీలు కూడా చేసింది. లోకాన్ని మార్చిన ఆ సీకో పనితనమే మన తెలుగు కార్మికుల చేతికి వచ్చిందన్నమాట. 1990లలో సంస్థ విడిపోయింది, రిఫ్రిజిరేటర్ల వ్యాపారం వోల్టాస్‌లో కలిసింది, వాచీలు ఆగిపోయాయి. ఇప్పుడు మియాపూర్ వైపు ఆల్విన్ క్రాస్ రోడ్స్ దగ్గర బస్సు దిగేవారిలో ఆ పేరు ఎక్కడిదో తెలిసినవారు ఎందరు? ఆ వాచీల మీద 'ఇన్నింటిలో ఇన్నవది' అని చెక్కలేదు. అయినా ఇక మీదట ఒక్కటి కూడా పెరగదు. పోయినవి పోగా మిగిలినవే లెక్క.

సరదా ఉన్నవారిని కొనవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మూడు జాగ్రత్తలు మాత్రం మనవి చేస్తాను. అంకెకు కాక లోపలి యంత్రానికి, పనితనానికి వెల కట్టండి. పాత వాచీ కొనేటప్పుడు డయల్‌ను భూతద్దంతో చూడండి. పాత హెచ్.ఎం.టి., సీకో వాచీలకు డయల్ మీద మళ్ళీ రంగు వేసి, అక్షరాలు అచ్చొత్తి అసలువిగా అమ్మేవారు చాలామంది ఉన్నారు. కంపెనీ ఎన్నడూ చేయని రంగులు, అలుక్కుపోయిన అక్షరాలు వాటి గుర్తు. మూడవది, రేపు ధర పెరుగుతుందన్న ఆశతో అప్పు చేసి కొనవద్దు. అప్పుతో సముద్రంలోకి దిగినవారి చరిత్ర మన ఊరి పక్కనే ఉంది.

సేకరణ అంటే మూడవ సాలార్‌జంగ్ గుర్తుకు వస్తారు. ఆయన 1949లో మరణించగా, 1951లో ఆ వస్తువులతో హైదరాబాదులో మ్యూజియం తెరిచారు. అక్కడి కుక్ అండ్ కెల్వీ గడియారంలో బుల్లి మనిషి బయటికి వచ్చి గంట కొట్టడం చూడడానికి జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. పెట్టెలో దాచి ఉంటే దాని ముచ్చట ఎవరికి తెలిసేది?

కాబట్టి సభ్యులకు ఒక విన్నపం. ఈసారి సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నగారి సొరుగో, అమ్మ బీరువాయో వెతకండి. హెచ్.ఎం.టి. గాని, ఆల్విన్ గాని దొరికితే బాగు చేయించి కట్టుకోండి. ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో కొన్నారో పెద్దలు ఉండగానే అడిగి కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని వాచీతోనే ఉంచండి. అంకె ఎవరైనా చెక్కగలరు. ఆ వివరం మాత్రం మన ఇంట్లో తప్ప మరెక్కడా దొరకదు.