ల్యుకేమియా చికిత్సలో ఉన్న పిల్లలు - శారీరక శ్రమ

ల్యుకేమియా ఎముకల మూలుగలో పుట్టే రక్త కేన్సర్. పిల్లలకు వచ్చే కేన్సర్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వీటిలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా ముఖ్యమైనది. దీని చికిత్స సుమారు 2 నుండి 3 సంవత్సరాలు సాగుతుంది. ఈ కాలంలో బిడ్డను మంచానికే పరిమితం చేయడం మంచిదని చాలామంది తల్లిదండ్రులు భావిస్తారు. కాని వైద్యుని సలహా మేరకు చేసే తగుమాత్రపు నడక, ఆటలు అవసరమని నేటి వైద్యశాస్త్రం చెబుతోంది.

చరిత్ర

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలితంగా అమినోప్టెరిన్ తయారైంది. ఈ మందుతో కొందరు పిల్లలలో వ్యాధి తాత్కాలికంగా తగ్గినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. నేడు సరైన చికిత్స పూర్తిగా అందిన పిల్లలలో అధిక సంఖ్యాకులు కోలుకుంటున్నారు. అందువలన వారి ఎముకల, కండరాల భవిష్యత్తు కూడా ఆలోచించవలసిన విషయమైంది.

బలహీనతకు కారణాలు

* విన్‌క్రిస్టిన్ నరాలపై ప్రభావం చూపుతుంది. పాదం పైకి లేవక వేళ్ళు నేలకు రాసుకుంటాయి. కాలి చెప్పు జారిపోతుంటుంది.
* డెక్సామిథసోన్ వంటి స్టెరాయిడ్లు తొడ కండరాలను, ఎముకలను బలహీనపరుస్తాయి. 10 సంవత్సరాలు దాటిన పిల్లలలో తుంటి, మోకాలి ఎముకలు దెబ్బతినే అవకాశం ఎక్కువ.
* రక్తహీనత వలన ఆయాసం కలుగుతుంది.
* ఎక్కువకాలం పడుకొని ఉండడం వలన కండరాలు మరింత క్షీణిస్తాయి.

చేయదగినవి

ఇంటి ముంగిట నడక, పీటపై కూర్చుని లేవడం, మెట్లు ఎక్కడం, మడమలపై నడవడం, పిక్కలను సాగదీయడం, బంతి విసరడం వంటివి ఓపికను బట్టి కొద్ది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. ఆరోగ్యవంతులైన పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజుకు 60 నిమిషాల లెక్కను చికిత్సలోని బిడ్డపై రుద్దరాదు. బాల్య కేన్సర్ రోగుల వ్యాయామంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు 2021లో వెలువడ్డాయి. ఇంతవరకు జరిగిన అధ్యయనాలు చిన్నవి కావడం వలన, వ్యాయామం ఎంత మేలు చేస్తుందో కచ్చితంగా లెక్కగట్టడం కష్టం.

జాగ్రత్తలు

* సాధారణంగా మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుండి 4.5 లక్షల ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఇవి బాగా తగ్గినపుడు కబడ్డీ, చెట్లెక్కడం, సైకిలు తొక్కడం కూడదు.
* ఛాతీలో గొట్టం అమర్చిన పిల్లలు చెరువులలోను, నాగావళి, వంశధార వంటి నదులలోను ఈదరాదు.
* నడుము, తుంటి నొప్పి ఉంటే ఆట ఆపి వైద్యునికి చూపించాలి.
* జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే వ్యాయామం మాని వెంటనే ఆసుపత్రిని సంప్రదించాలి.

ఉత్తరాంధ్రలో

విశాఖపట్నం సమీపంలోని అగనంపూడిలో టాటా స్మారక కేంద్రానికి చెందిన హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళం పట్టణం నుండి విశాఖకు దూరం 100 కిలోమీటర్ల పైమాట. ఇంత దూరం నుండి వ్యాయామ చికిత్సకై తరచుగా రావడం కష్టం కనుక, మందుల కొరకు వచ్చిన రోజుననే ఫిజియోథెరపిస్టు వద్ద ఇంట్లో చేయదగిన వ్యాయామాలను నేర్చుకొనడం మేలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో బిడ్డ తిరిగి బడికి వెళ్ళేటపుడు, ఏ ఆటలు ఆడవచ్చునో వైద్యునిచే వ్రాయించి ఉపాధ్యాయులకు అందజేయాలి. అప్పుడు బిడ్డ ఆటస్థలం అంచున ఒంటరిగా కూర్చోవలసిన అవసరం ఉండదు.