మన రాత ఎవరు వింటారు? ఓరుగల్లులో కొత్త కవులకు చోటు దొరికిన కథ

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది.

పోయిన నెల మా బాబాయి కొడుకు ఫోన్ చేసిండు. బీటెక్ సెకండియర్ వాడు. "అన్నా, నా కవిత బుక్కులో వచ్చింది" అన్నడు. నేను ఫుల్ ఖుషీ. లింక్ పంపురా అన్న. ఓపెన్ చేస్తే విషయం అర్థమైంది. అదొక కవితల సంకలనం. "మీరూ కో-ఆథర్ కావచ్చు" అని ఇన్‌స్టాలో యాడ్ వచ్చింది. వీడు 499 రూపాయలు కట్టిండు. కవిత పంపిన పది నిమిషాలకే "సెలెక్టెడ్" అని మెయిల్. తర్వాత ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్, అందులో వీడి పేరే తప్పు. ప్రింట్ కాపీ కావాలంటే మళ్లీ పైసలు కట్టాలట.

"సరే, నీ కవిత ఎవరన్న చదివిండ్రారా?" అని అడిగిన.

కొంచెంసేపు సప్పుడు లేదు. "తెల్వదన్నా" అన్నడు.

వాణ్ని చూసి నవ్వే హక్కు నాకు లేదు. ఐటీలో ఉద్యోగం చేసినన్ని రోజులు ఆఫీస్ క్యాబ్‌లో కూర్చొని నేనూ కవితలు రాసిన. ఫోన్ నోట్స్ నిండా అవే. కొన్ని పోస్ట్ చేస్తే లైకులు వచ్చినయి, లవ్ ఎమోజీలు వచ్చినయి. కానీ "ఈ లైను బాలేదు, ఇది తీసెయ్" అని నాతో ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

అప్పుడు నాకో డౌట్ వచ్చింది. ఫోన్ లేని రోజుల్లో మన వరంగల్ వైపు ఒక ఇరవై ఏళ్ల పిల్లగాడు కవిత రాస్తే, దాన్ని పట్టుకొని ఎక్కడికి పోయేవాడు? ఎవరికి వినిపించేవాడు? ఇవాళ ఆ కథ చెప్పుకుందాం.

ముందు నిలబడే చోటే లేదు

1921 నవంబర్‌కి వెళ్దాం. హైదరాబాద్‌లోని వివేకవర్ధినిలో ఒక సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. అధ్యక్షుడు మహర్షి కర్వే. ఇంగ్లిష్‌లో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు నడుస్తున్నాయి. ఎవరికీ ఇబ్బంది లేదు. ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే సభలో గోల. ఎగతాళి చేశారు. దాదాపు సగం మంది జనం తెలుగు మాట్లాడే రాజ్యంలో, తెలుగులో మాట్లాడినందుకు ఎగతాళి! ఆ అవమానం తట్టుకోలేక అక్కడున్న కొద్దిమంది తెలుగువాళ్లు అదే రోజు కలిసి కూర్చున్నారు. ఆంధ్ర జనసంఘం అట్ల పుట్టింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నిజాం రాజ్యంలో కొత్త కవికి మొదటి కష్టం కవిత రాయడం కాదు. బడిలో చదువు ఉర్దూలో. ఆఫీసు ఉర్దూలో. సభ పెట్టాలంటే సర్కారు పర్మిషన్ కావాలి. "గస్తీ నిషాన్ 53" అని ఒక ఉత్తర్వు ఉండేది, మీటింగ్ పెట్టేవాళ్ల కాళ్లకు సంకెల లాంటిది. అంటే నువ్వు ఎంత బాగా రాసినా, వినిపించడానికి నలుగుర్ని ఒకచోట పోగుచేయడమే పెద్ద పని.

అయినా మనవాళ్లు ఒక దారి కనిపెట్టారు. లైబ్రరీ. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. మూడేళ్లకే, 1904లో, మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. నూట ఇరవై ఏళ్లు దాటింది. తెలుగు పుస్తకం చేతిలో పట్టుకొని చదివే చోటు ఒకటి దొరికింది. చదివేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, వాళ్లలో ఒకడు మెల్లగా జేబులోంచి తన కాగితం తీస్తాడు. ఏ ఊళ్లో అయినా రాయడం ఇట్లనే మొదలవుతది.

ఒక పల్లెలో పత్రిక

ఇప్పుడు ఇనుగుర్తి పోదాం. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉంది, అప్పట్లో వరంగల్ జిల్లా. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు, ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు. 1922లో వీళ్లు ఆ పల్లెలోనే ప్రెస్ పెట్టి "తెనుగు" అనే వారపత్రిక మొదలుపెట్టారు. పట్నంలో కాదు, పల్లెలో! రాసేది వాళ్లే, అక్షరాలు కూర్చేది వాళ్లే, అచ్చు వేసేది వాళ్లే, పోస్టుకు పంపేది వాళ్లే. అదే ఏడాది నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు "నీలగిరి" పత్రిక తెచ్చారు.

మన భాషలో చెప్పాలంటే వీళ్లు కంటెంట్ రాసి ఊరుకోలేదు, సర్వర్ కూడా వాళ్ల ఇంట్లోనే పెట్టుకున్నారు. ఒక్కో అక్షరం సీసపు ముక్క. దాన్ని తిరగేసి పేర్చాలి, సిరా పూయాలి, కాగితం నొక్కాలి. ఒక పేజీ కోసం గంటల తరబడి చేసే పని అది. "తెనుగు" కొన్నేళ్లే నడిచింది. కానీ ఆ కొన్నేళ్లూ, ఈ చుట్టుపక్కల రాసేవాడికి తన రాతను పంపడానికి ఒక అడ్రస్ ఉంది.

354 మంది జవాబు

1926లో హైదరాబాద్ నుంచి సురవరం ప్రతాపరెడ్డి "గోలకొండ పత్రిక" మొదలైంది. తర్వాత "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" రాసింది ఈయనే. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో వచ్చింది ఆ పుస్తకానికే.

ఒక సందర్భంలో, తెలంగాణలో కవులే లేరన్నట్టుగా ఒక మాట వచ్చింది. ఇవాళ అయితే మనం ఏం చేస్తాం? ఒక రియాక్షన్ వీడియో, రెండు మీమ్స్, మూడో రోజుకి మర్చిపోతాం. ప్రతాపరెడ్డి గారు తిట్లతో ఆగలేదు. కవులారా, మీ పద్యాలు పంపండి అని పిలిచారు. ఊళ్ల నుంచి కవితలు వచ్చాయి. 1934లో "గోలకొండ కవుల సంచిక" అచ్చయింది. అందులో ఎంతమంది ఉన్నారో తెలుసా? 354 మంది! అందరూ ఈ నేల వాళ్లే.

ఇక్కడ నాకు మా తమ్ముడు గుర్తొచ్చిండు. ఇదీ సంకలనమే, వాడు 499 కట్టిందీ సంకలనమే. తేడా ఎక్కడుంది? ఆ 354 మందిని వెతకడం ఒకాయన తన పనిగా పెట్టుకున్నారు. వాళ్లను చూపించి ఒక పెద్ద మాటకు జవాబు చెప్పాలి, అదీ ఆయన అవసరం. మా తమ్ముడి విషయంలో ఆ కంపెనీకి కవిత అవసరమే లేదు, వాడి యూపీఐ ఒక్కటి చాలు. అక్కడ కవి కవి కాదు, కస్టమర్. అందుకే పది నిమిషాల్లో సెలెక్ట్ అయిండు. రిజెక్ట్ చేసేవాళ్లు లేని చోట సెలెక్ట్ అనే మాటకు అర్థం ఏముంటది?

కాలిన పందిట్లో కవి సమ్మేళనం

1943లో హైదరాబాద్‌లో నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు ఏర్పడింది. కొన్నేళ్లకే దాని సభలు మన వరంగల్ కోటలో పెట్టారు. నడిపించినవాళ్లలో ముందున్నది కాళోజీ నారాయణరావు. రజాకార్లు వచ్చి పందిరి తగలబెట్టారు. సభ ఆగిపోవాలి కదా? ఆగలేదు. కాలిన ఆ చోటే కవి సమ్మేళనం జరిగింది. దాశరథి లాంటి యువకవులు బూడిద మధ్య నిలబడి కవితలు చదివారు. దాశరథికి అప్పటికి ఇంకా పాతికేళ్లు లేవు. అంటే ఇది చూస్తున్న మీలో చాలామంది వయసే.

ఖుష్ మహల్ దగ్గర, కీర్తి తోరణాల దగ్గర మనం రీల్స్ తీసుకుంటం. ఈసారి పోయినప్పుడు ఈ ముచ్చట ఒక్కసారి యాద్ చేసుకోండి.

చదువు, విను, మాట పడు

కాళోజీ పేరు వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఆయన పుట్టింది 1914 సెప్టెంబర్ 9న, నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో. పెరిగింది మన మడికొండలో. ఆయన పుట్టినరోజే ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం. ఇది స్కూల్లో చెప్తారు. స్కూల్లో పెద్దగా చెప్పనిది "మిత్రమండలి" గురించి. కాళోజీ సోదరులు, వాళ్ల దోస్తులు వరంగల్‌లో నడిపిన సాహిత్య కూటమి అది. పెద్ద స్టేజీ లేదు, శాలువాలు లేవు. కొత్తగా రాసింది తెచ్చి చదవాలి. మిగతావాళ్లు వింటారు. తర్వాత మాట్లాడతారు. బాగుంటే బాగుంది, లేకపోతే లేదు.

ఈ వాతావరణంలో పెరిగిన తరం ఏం చేసిందో చూడండి. పాలకుర్తి దగ్గర వావిలాల నుంచి వచ్చిన నవీన్, ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే స్టూడెంట్ జీవితంలో ఒకే ఒక్క రోజు తీసుకొని మొత్తం నవల రాశారు. "అంపశయ్య", 1969లో వచ్చింది. రవి తలలో ఆలోచనలు ఎట్ల పరిగెడితే నవల అట్ల పరిగెడుతుంది. ఆ పుస్తకం పేరే ఆయన ఇంటిపేరైపోయి అంపశయ్య నవీన్ అయ్యారు. 2004లో "కాలరేఖలు" నవలకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇంకోవైపు, 1966 నవంబర్‌లో హనుమకొండ నుంచి "సృజన" పత్రిక మొదలైంది. వరవరరావు, సాహితీ మిత్రులు కలిసి తెచ్చారు. మొదట మూడు నెలలకోసారి, తర్వాత నెలనెలా. 1973లో ఆయన్ని అరెస్ట్ చేశాక ఆయన భార్య హేమలత సంపాదకురాలిగా బాధ్యత తీసుకున్నారు. ఆ పత్రిక రాజకీయాలతో మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, అది వేరే ఎపిసోడ్. కేసులు ఎదురైనా 1992 దాకా నడిచింది. పాతికేళ్ల పైచిలుకు ఒక జిల్లా కేంద్రం నుంచి సాహిత్య పత్రిక వచ్చిందంటే, ఎంతమంది కొత్తవాళ్లకు అది మొదటి అడ్రస్ అయ్యిందో ఆలోచించండి.

పాత రోజులన్నీ బంగారం కాదు

ఇంతదాకా విని "అబ్బ, ఆ రోజులే వేరు" అనుకోకండి. నేనూ మొదట అట్లనే అనుకున్న. కానీ ఆ గదుల్లో కూర్చునే అవకాశం ఎవరికుండేది? చదువుకునే వీలున్నవాళ్లకు. సాయంత్రం ఇంటి నుంచి బయటికి రాగలిగేవాళ్లకు. ఆడపిల్లకు, వాడలో పుట్టినవాడికి, అసలు బడికే పోనివాడికి ఆ తలుపు అంత ఈజీగా తెరుచుకోలేదు. అందెశ్రీ గారు బడి చదువు లేకుండా, పశువులు కాస్తూ పాట కట్టుకున్నారు. కాకతీయ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత.

ఆ విషయంలో ఫోన్ నిజంగా ఒక తలుపు తెరిచింది. ఇవాళ రాయడానికి ఎవర్నీ పర్మిషన్ అడగక్కర్లేదు.

వరంగల్ బిడ్డ పసునూరి రవీందర్, దళిత జీవితాల కథలతో "అవుట్ ఆఫ్ కవరేజ్ ఏరియా" అనే పుస్తకం రాశారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. టైటిల్ చూడండి, మన ఫోన్ మాటే! 2024లో అదే పురస్కారం నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్‌కి, లంబాడా జీవితం మీద రాసిన "ఢావ్లో" కథలకు వచ్చింది. ఈ యువ పురస్కారం 35 ఏళ్ల లోపు వాళ్లకు, 50 వేల రూపాయలు ఇస్తారు. 2021లో నేషనల్ బుక్ ట్రస్ట్ ద్వారా పీఎం యువ అనే స్కీమ్ వచ్చింది. 30 ఏళ్ల లోపు 75 మంది రచయితలను ఎంపిక చేసి, ఆరు నెలలు నెలకు 50 వేల చొప్పున ఇచ్చి, పక్కన ఒక గైడ్‌ని కూడా పెట్టారు.

ఒక్కటి గమనించండి. ఇవన్నీ రాసేవాళ్లకు డబ్బిచ్చేవి. రాసేవాళ్ల దగ్గర తీసుకునేవి కావు. ఎవరన్నా "మీ కవిత సెలెక్ట్ అయింది, ఇంత కట్టండి" అంటే, ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి చాలు.

మరి మనం ఏం చేద్దాం?

హనుమకొండలో ఇప్పుడు కాళోజీ కళాక్షేత్రం ఉంది. పెద్ద ఆడిటోరియం. మంచిదే. కానీ మొదటి కవిత రాసినవాడికి అంత పెద్ద హాలు ఏం చేసుకోను? వాడికి ముగ్గురు కావాలి. ఫోన్ పక్కన పెట్టి, పూర్తిగా విని, నిజం చెప్పే ముగ్గురు. తెనుగు పత్రిక పెట్టింది ఇద్దరే కదా.

పోయిన ఆదివారం మా తమ్ముడు వచ్చిండు. వాడు, నేను, మా ఇంకో దోస్తు కలిసి భద్రకాళి బండ్ మీద కూర్చున్నం. వాడు 499 రూపాయల కవిత చదివిండు. నిజం చెప్పాలంటే మొదటి నాలుగు లైన్లు నాకు మస్తు నచ్చినయి, చివర్ల సినిమా పాట లెక్క అయిపోయింది. అదే చెప్పిన. వాడి మొహం కొంచెం మాడింది.

తర్వాత నేను చదివిన. నోట్స్‌లో మూడేళ్లుగా దాచుకున్నది. వాడు మొత్తం విని, "అన్నా, ఆ రెండో ముక్క ఎందుకే? తీసేస్తే ఏం పోదు కదా" అన్నడు.

పొట్టోనికి ఎంత ధైర్యం అనుకున్న. ఇంటికొచ్చి మళ్లీ చదివితే, వాడు చెప్పిందే కరెక్ట్. తీసేసిన.

వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నం. మీ ఊళ్లో, మీ హాస్టల్లో, మీ గల్లీలో మీరూ ఇద్దర్ని చూసుకోండి. కొత్తగా రాసిందే తీసుకొని రండి. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!